తలకిందుల పంచాయితీ

ఆ ఇంట్లో ఎవరికైనా ఏదైనా కావాలంటే అది వద్దని వాదించాలి. వద్దనుకుంటే కావాలని వాదించాలి. వినేవాళ్లకి విడ్డూరంగా ఉండొచ్చు గానీ ఆ ఇంటి రాజ్యాంగం అదే.

దాన్ని పెట్టినవాడు మామగారు. ఆయన కోర్టులో గుమస్తాగా చేసేవాడు. తాము రవ్వంత కూడా నమ్మని కేసుల కోసం ప్లీడర్లు గొంతు చించుకోవడం ఏళ్ల తరబడి చూసి చూసి ఆయనకి జ్ఞానోదయం అయింది. మనిషికి ఏదైనా కావాలనిపించిందంటే చాలు, కళ్లకి పొరలు కమ్ముతాయి. అందులో లోపం ఎంత పెద్దదైనా కనపడదు. కాబట్టి ఆ లోపాలు వాడి నోటితోనే చెప్పించాలి. తన కోరికకి ఎదురుగా ఎవరు గట్టిగా వాదించగలిగితే వాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మరీ కోరుకున్నట్టు లెక్క, వాళ్లదే గెలుపు. నీళ్లు నమిలినవాళ్ల కోరిక ఉత్తుత్తిది.

విషయం పెద్దదైతే ఆదివారం భోజనాలయ్యాక బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నోరెత్తకూడదు. ఎన్ని కట్టుకథలైనా అల్లొచ్చు, ఎంత నాటకమైనా ఆడొచ్చు. చివర్లో ఎదుటివాళ్లు ఒకే ఒక్క ప్రశ్న వెయ్యొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పంచాయితీ జరిగేదాకా ఆ విషయం గురించి మొగుడూ పెళ్లాలు గదిలో గుసగుసలాడుకోకూడదు. తీర్పు ఇంటి పెద్దది. మామగారు పోయాక ఆ కుర్చీ అత్తగారికి వచ్చింది. ఆవిడ ఆయన కంటే రెండాకులు ఎక్కువే చదివింది.

కోడలు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఈ తలకిందుల పంచాయితీ చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తన పెళ్లి గురించి కూడా ఇదే బల్ల దగ్గర పంచాయితీ జరిగిందని తెలిశాక ఆ నవ్వు ఎటుపోయిందో తెలియదు. తనని చేసుకోవాలని తెగ ముచ్చటపడిన ఆ మహానుభావుడు లేచి నిలబడి, "ఆ పిల్లకి కోపం ముక్కు మీదే ఉంటుంది. పగలంతా కూర్చుని కొయ్యకాళ్లు చెక్కుతుంది. నవ్వితే తలుపు కిర్రుమన్నట్టుంటుంది. పైగా వాళ్ల వంశంలో నలభై దాటితే ఎవరికీ నెత్తి మీద వెంట్రుక మిగలదు" అని ఏకధాటిగా ఏకిపారేశాడట. మామగారు కళ్లు తుడుచుకుని, "ఒరేయ్, ఇంత ప్రేమా!" అన్నాడట. ఆ సంగతి విని ఆమె నెల్లాళ్లు మొగుడితో ముభావంగా ఉంది. మిగతావి ఎలా ఉన్నా, వాళ్ల వంశంలో ముసలివాళ్లకి కూడా దువ్వెన దిగనంత జుట్టు. ఆ బట్టతల సంగతి శుద్ధ కల్పన.

కల్పించడంలో అతన్ని మించినవాడు లేడు. ఫ్రిజ్ కొనాలని మనసు పడినప్పుడు, చల్లటి నీళ్లు తాగి మంచాన పడ్డ ఒక స్నేహితుణ్ణి పుట్టించి, వాడికి భార్యనీ ముగ్గురు పిల్లల్నీ ఇచ్చి, ఆఖరికి చంపేశాడు కూడా. అత్తగారు నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంది. ఫ్రిజ్ వచ్చింది.

అతను లిఫ్టు మెకానిక్కు. ఎంత ఎత్తునైనా గోడ అంచు మీద చప్పుడు లేకుండా నడిచిపోతాడని కంపెనీలో అందరూ అతన్ని పిల్లి అంటారు. అత్తగారికి ఆ పేరంటే ప్రాణం. పాలవాడి దగ్గర్నుంచి ఇంటికి ఎవరొచ్చినా, "మావాణ్ణి పిల్లి అంటారు తెలుసా" అని మొదలుపెడుతుంది.

ఈసారి వచ్చినది ఫ్రిజ్ లాంటి వ్యవహారం కాదు. రాష్ట్రం మారడం. కంపెనీ పక్క రాష్ట్రంలో కొత్త శాఖ తెరుస్తోంది. అక్కడ నలభై అంతస్తుల భవనాలు వరసగా లేస్తున్నాయి, వాటికి లిఫ్టులు బిగించడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి. హోదా పెరుగుతుంది, ఉండటానికి ఇల్లిస్తారు. పోయిన నెల ఒక వారం పంపించి అంతా చూపించారు కూడా. తిరిగొచ్చి, "బాగానే ఉంది" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు, నిబంధన ప్రకారం చెప్పకూడదు కూడా. ఆదివారం సాయంత్రం మేనేజరు ఫోన్ చేస్తాడు. వస్తారో రారో అప్పుడే తేల్చాలి. రామంటే ఆ చోటు ఇంకొకడికి పోతుంది.

కోడలికి వెళ్లాలని లేదు. లేదంటే మామూలుగా లేకపోవడం కాదు, ససేమిరా లేదు.

ఆస్పత్రి వెనక ఉన్న చిన్న కార్ఖానాలో ఆమె కృత్రిమ కాళ్లు తయారుచేస్తుంది. తెగిన కాలికి తడి ప్లాస్టర్ గుడ్డ చుట్టి అచ్చు తీయాలి. ఆ అచ్చుని బట్టి తొడుగు చేయాలి. ఎక్కడ ఒరుసుకుంటుందో వేలితో తడిమి అక్కడ అరగదీయాలి. మొన్న ఒక తపాలా మనిషి రెండు కమ్మీల మధ్య కొత్త కాలి మీద నిలబడి, మెల్లగా చేతులు వదిలేసి, "నేను పట్టుకోలేదమ్మా, చూడు!" అన్నాడు. ఆ మాట కోసమే ఆమె ఇన్నేళ్లుగా ఆ జిగురు వాసననీ ఆ పొడినీ భరిస్తోంది. ఆమె పట్టా ఈ రాష్ట్రంలోనే చెల్లుతుంది. అక్కడ పనిచేయాలంటే అక్కడి పరీక్ష రాయాలి. దానికి వయసు హద్దు ఉంది, ఆమె ఆ హద్దు దాటిపోయింది. ఫోన్ చేసి కనుక్కుంది. ఎవరో విసుక్కుంటూ చెప్పారని మళ్లీ చేసి ఇంకొకరిని అడిగింది. జవాబు మారలేదు. సరిహద్దు దాటితే ఆమె చేతులకి మళ్లీ ఆ పని ఉండదు.

కాబట్టి ఆమె వెళ్లాలని వాదించాలి. ప్రాణం పెట్టి వాదించి, ఆ రాష్ట్రాన్ని ఆకాశానికెత్తి, ఇక్కడే ఉండిపోయే హక్కు సంపాదించుకోవాలి.

ఆదివారం భోజనాలయ్యాయి. కూతురు బల్ల తుడిచింది. ఎనిమిదో తరగతి చదువుతోంది, ఇంట్లో అందరూ గడుగ్గాయి అంటారు. పంచాయితీలో పిల్లలకి వాదించే హక్కు లేదు, బాగుంటే చప్పట్లు కొట్టే హక్కు మాత్రం ఉంది. అత్తగారు కళ్లజోడు తుడుచుకుని, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని, గోడ వైపు కుర్చీలో సర్దుకుంది. న్యాయమూర్తి నిష్పక్షపాతంగా ఉండాలి నిజమే గానీ, ఈ న్యాయమూర్తికి ఆ రాష్ట్రంలో సొంత చెల్లెలుంది. కంపెనీ ఇచ్చే ఇంటికి మెట్లు లేవని కూడా ఆవిడ ఎలాగో కూపీ లాగింది.

"ఎవరు ముందు?" అంది అత్తగారు.

"నేను," అంది కోడలు. గొంతు కొంచెం ఎక్కువ గట్టిగా వచ్చింది.

మొగుడు తలెత్తి చూశాడు. ఏదో చెప్పబోయినట్టు పెదాలు కదిలాయి. మళ్లీ బల్ల మీదకి చూపు దించుకున్నాడు.

"మనం వెళ్లాలి," అని మొదలుపెట్టింది ఆమె. "ఈ రాష్ట్రంలో ఏముందని ఉండటం? కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. లిఫ్టు మెకానిక్కు ఇంట్లో వాళ్లం, నాలుగంతస్తులు కాళ్లీడ్చుకుంటూ ఎక్కుతున్నాం. అక్కడ కరెంటు పోతే పేపర్లో వేస్తారట, అంత అరుదు. ఇక గాలి. తెల్లచీర ఆరేస్తే తీసేసరికి సిమెంటు రంగు. మన పక్కనున్న సిమెంటు ఫ్యాక్టరీ మూయిస్తామని చెప్పి ఓట్లేయించుకున్నవాళ్లే దానికి రెండో పొగగొట్టం పెట్టించారు. ఈ పిల్ల దగ్గు చూడండి. పోయిన చలికాలం ఎన్నిసార్లు ఆస్పత్రికి పరిగెత్తాం?"

గడుగ్గాయి సందర్భోచితంగా దగ్గింది. అత్తగారు నవ్వాపుకుంది.

"బడికి ఇక్కడ మీ జీతంలో పావు వంతు పోస్తున్నాం. అక్కడ సర్కారు బడిలోనే ప్రయోగశాలలుంటాయి. బస్సు వస్తుందన్న వేళకి వస్తుంది. ఏడాది పాటు అక్కడ కాపురం ఉంటే చాలు, పెద్దవాళ్ల మోకాళ్ల ఆపరేషన్ సర్కారే చేయిస్తుంది. అత్తయ్యా, మీరు మళ్లీ నేల మీద కూర్చుని లేవొచ్చు. మీ చెల్లెలింటికి మీరే నడిచి వెళ్లొచ్చు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా."

అత్తగారి చెయ్యి అప్రయత్నంగా మోకాలి మీదకి పోయింది. అది చూసి కోడలికి గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎందుకంటే ఇవి ఫ్రిజ్ నాటి కట్టుకథలు కావు. ప్రతి మాటా నిజం. తను కాదనుకుంటున్నవన్నీ వరసపెట్టి తన నోటితోనే చెబుతోంది, పాపిష్టి మామగారు ఇందుకే పెట్టాడేమో ఈ పద్ధతి. అయినా ఆగలేదు. ఆగితే పని పోతుంది. రోడ్ల గురించి చెప్పింది, మంచినీళ్ల గురించి చెప్పింది, ఆడపిల్ల చీకటి పడ్డాక కూడా నిర్భయంగా నడిచే వీధుల గురించి చెప్పింది. "ఇక్కడుండటం అంటే ఈ పిల్ల ఊపిరితో మనం జూదమాడటమే," అని ముగించి కూర్చుంది. ఆ ఆఖరి మాట తను ముందుగా అనుకున్నది కాదు. ఎక్కడ నుంచి ఊడిపడిందో తెలియదు.

గడుగ్గాయి చప్పట్లు కొట్టింది. అత్తగారు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని, "ఇంత బాగా వాదించావంటే నీకు ఇక్కడే ఉండాలని ప్రాణం కొట్టుకుంటోందన్న మాట," అంది, కొంచెం చిన్నబోతూ. "మరి నువ్వేమంటావురా?"

నిజానికి అతను నిలబడాలి. పంచాయితీలో అతనెప్పుడూ నిలబడే వాదిస్తాడు, చేతులూపుతాడు, గొంతు మార్చి పక్కింటివాళ్లని అనుకరిస్తాడు. ఇవాళ కూర్చునే ఉన్నాడు. బల్ల మీద ఒక నీటి చుక్క ఉంటే దాన్ని చూపుడువేలితో గీతలా లాగుతున్నాడు.

"నేను వెళ్లను," అన్నాడు.

అతను కూడా వెళ్లాలని వాదిస్తాడేమో, అలా వాదిస్తే ఇద్దరికీ ఇష్టం లేదని తేలిపోయి ఈ గొడవ ఇక్కడితో ముగుస్తుందేమో అన్న చిన్న ఆశ కోడలికి ఉదయం నుంచీ ఉంది. అది పోయింది. వద్దంటున్నాడంటే అతనికి కావాలి.

"ఆవిడ చెప్పినవన్నీ నిజమే," అన్నాడు అతను. "రోడ్లు బాగున్నాయి. కరెంటు పోలేదు. ఆ రాష్ట్రానికి వంక పెట్టడానికేమీ లేదు. నేను చేయాల్సిన పని గురించే చెబుతాను. అక్కడ లిఫ్టు ఇంకా పెట్టలేదు. అది తిరగాల్సిన గొయ్యి మాత్రం ఉంది, కింద నుంచి పైదాకా నిలువుగా, బావిలా. పైకప్పు ఇంకా వెయ్యలేదు. ముప్పయ్యో అంతస్తు దాటాక ఒక దూలం మీదకి వెళ్లాను. నడుముకి తాడు ఉంది. భయపడాల్సిందేమీ లేదు. నేను కిందకి చూడను, ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను."

ఆగాడు. అత్తగారు ముందుకి వంగింది. కథ రంజుగా మొదలైందని ఆవిడ మొహమే చెబుతోంది.

"అడుగున వాననీళ్లు నిలిచి ఉన్నాయి. అందులో ఆకాశం కనపడింది, ఇంతే, రూపాయి బిళ్లంత. పైన ఉండాల్సింది కింద ఉంది. అంతే, ఇంకేమీ జరగలేదు. నా చేతులు కమ్మీని పట్టేసుకున్నాయి. వదలమంటే వదల్లేదు. నా చేతులే, నా మాట వినలేదు. తోటి మెకానిక్కు, రిటైరవ్వబోయే మనిషి, ఆయన వచ్చి ఒక్కో వేలూ ఊడదీసి నన్ను ఇవతలికి లాగాడు."

"ఒక్కో వేలూనా!" అంది అత్తగారు తట్టుకోలేక. న్యాయమూర్తికి నిబంధనలు వర్తించవు. "అబ్బబ్బ, ఎక్కడ నుంచి తెస్తాడమ్మా వీడు ఇవన్నీ! పిల్లి చేత చెప్పించే మాటలా ఇవి!"

గడుగ్గాయి కిసుక్కున నవ్వింది. అతను నవ్వలేదు.

"అప్పట్నుంచి ఇక్కడ కూడా అలాగే ఉంది. మూడంతస్తుల ఆస్పత్రి లిఫ్టు పైకెక్కాలన్నా ముందు కాసేపు బయట నిలబడుతున్నాను. ఎవరికీ తెలియనివ్వలేదు. ఇక్కడుంటే చిన్న చిన్న పనులు చేసుకుంటూ ఎప్పటికో ఒకప్పటికి బాగుపడతానేమో. అక్కడికి వెళ్తే రోజూ అదే ఎత్తు. ఏదో ఒక రోజు పడిపోతాను. నాకు తెలుసు."

కోడలు వింటోంది. మొదట ఆమెకి వచ్చింది ఏడుపు. ఇంత అద్భుతంగా అల్లాడంటే ఎంత కావాలో ఆ ఉద్యోగం! తన పట్టా సంగతి అతనికి తెలుసు. పోనీ వద్దనడానికి ఒక కారణంగానైనా ఆ ముక్క వాడుకుంటాడనుకుంది. ఊహూఁ, ఆ ఊసే ఎత్తలేదు. అన్నీ తన చేతులూ తన భయమే. కోపం కూడా వచ్చింది, మామూలుగా ఎక్కడుంటుందో అక్కడే, ముక్కు మీద.

తర్వాత ఆ కోపం మధ్యలోనే ఒక అనుమానం తలెత్తింది. ఈ కథలో అలంకారాలేవీ లేవేమిటి? ఇతను అల్లితే ఆ తోటి మెకానిక్కుకి ఒక నత్తి ఉండాలి, ఒక మేనత్త ఉండాలి, ఆ దూలం మీద ఒక పావురమైనా వాలాలి. ఇందులో ఒక్క చమత్కారం కూడా లేదు. మనిషి ఎవరి మొహమూ చూడటం లేదు. ఆ నీటి చుక్క ఎప్పుడో ఆరిపోయింది, వేలు ఇంకా అక్కడే గీస్తోంది.

నిజమేనా? నిజం చెబుతున్నాడా?

ఆ ఆలోచన రాగానే ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. కావాలనుకున్నవాళ్ల కళ్లకి పొరలు కమ్ముతాయని మామగారు వెయ్యిసార్లు చెప్పేవాడు. తనకి ఇక్కడే ఉండిపోవాలని ఉంది. మొగుడు భయపడుతున్నాడనుకుంటే తనకి సౌకర్యం. అందుకే అలా కనపడుతోందేమో. నాటకాన్ని నిజమని నమ్మి, జీవితంలో ఒక్కసారి వచ్చిన అవకాశాన్ని అతని చేతుల్లోంచి లాక్కుంటే? అతను ఎప్పటికీ పైకి అనడు. లోపల మాత్రం ఆ మాట ఉండిపోతుంది. పోనీ నిజాన్ని నాటకమనుకుని ఊరుకుంటే? అప్పుడు ఒక రోజు ఎవరో ఫోన్ చేసి, ముప్పయ్యో అంతస్తు అని చెబుతారు.

"ఎదురు ప్రశ్న ఏమైనా ఉందా?" అంది అత్తగారు. "త్వరగా అడుగు, వాళ్లు ఫోన్ చేసే వేళవుతోంది."

ఒక్క ప్రశ్న. నిజమేనా అని అడిగితే నిజమేనంటాడు, ఈ బల్ల దగ్గర ఆ మాటకి విలువ లేదు.

"ఇవతలికి లాగాక," అంది చివరికి, "ఏం చేశారు?"

అతను తలెత్తలేదు.

"బాత్‌రూముకి వెళ్లి ప్యాంటు ఉతుక్కున్నాను."

గడుగ్గాయి పగలబడి నవ్వింది. కుర్చీలోంచి పడబోయి బల్ల పట్టుకుంది. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కదిలిపోతూ, "ఛీ వెధవా, కూతురి ముందు ఏం మాటలురా అవి!" అంటూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. ఇద్దరూ చప్పట్లు కొట్టారు. ఆ ఇంట్లో అంత గట్టిగా చప్పట్లు ఫ్రిజ్ రోజు కూడా మోగలేదు.

కోడలు చప్పట్లు కొట్టలేదు. ప్రయాణం నుంచి వచ్చినప్పుడు అతని సంచి సర్దింది తనే. మాసిన బట్టలన్నీ ఒక ముద్దగా ఉన్నాయి, ఒక్క యూనిఫాం ప్యాంటు మాత్రం ఉతికి, ఆరబెట్టి, మడిచి, అడుగున విడిగా ఉంది. తాగిన గ్లాసు కూడా కడగని మనిషి! "ఏవండోయ్, సూర్యుడు పడమట పొడిచాడా?" అని వేళాకోళం చేసింది అప్పుడు. అతను తువ్వాలు అందుకుని స్నానానికి వెళ్లిపోయాడు.

ఇక ఆమె కళ్లకి పొరలూ లేవు, అనుమానమూ లేదు.

అత్తగారు కళ్లు తుడుచుకుని గొంతు సవరించుకుంది. "తీర్పు చెబుతున్నాను. కోడలు బాగా వాదించింది, కాదనను. కానీ మావాడు తన పేరు తనే బురదలో ఈడ్చుకుని మరీ వాదించాడు. పరువు కూడా పణంగా పెట్టాడంటే వాడికి ఆ ఉద్యోగం ఎంత కావాలో నాకు అర్థమైంది. వెళ్తున్నాం." చెల్లెలు గుర్తొచ్చిందో ఏమో, మొహం చాటంతయింది. "మీ నాన్నగారు ఉంటే ఎంత మురిసిపోయేవారో."

అతను అలాగే కూర్చున్నాడు. ఒప్పుకోవడమూ లేదు, కాదనడమూ లేదు. పట్టుబడినవాడు సంకెళ్ల కోసం చేతులు చాచినట్టుంది ఆ కూర్చోవడం.

ఫోన్ మోగింది. బల్ల మధ్యలో, అతని ఎదురుగా ఉంది. అతను దాన్ని చూస్తున్నాడు. చెయ్యి దాని దాకా పోయింది, దాని మీద వాలింది, ఎత్తలేదు.

"తియ్యరా, పెద్దమనిషి ఎంతసేపు ఆగుతాడు," అంది అత్తగారు.

కోడలికి అర్థమైంది. అతను చెప్పింది నిజమని ఇప్పుడు తను అంటే ఈ నవ్వులన్నీ వెనక్కి తిరిగి అతని మీద పడతాయి. ఆ తల్లి ముందు, ఈ పిల్ల ముందు. వాళ్లకి చెప్పాలో వద్దో అతని ఇష్టం, చెబితే అతనే చెప్పాలి. తను చేయగలిగింది ఒక్కటే ఉంది. దానికి ఈ ఇంట్లో క్షమ ఉండదు.

లేచి, అతని చేతి కింద నుంచి ఫోన్ లాక్కుంది.

"నమస్కారమండీ. నేను ఆయన భార్యని. మేము రావడం లేదు. ఆయనకేం అభ్యంతరం లేదు. నాకు ఇష్టం లేదు. నా పని ఇక్కడుంది. నా పట్టా అక్కడ చెల్లదు. నేను ఒప్పుకోను."

మేనేజరు అటునుంచి, ఒకసారి అతనితో మాట్లాడించమన్నాడు. ఆమె ఫోన్ అతని చెవి దగ్గర పెట్టింది. అతను ఆమె వైపు చూశాడు, వాదనలు మొదలయ్యాక ఇదే మొదటిసారి.

"ఆవిడ చెప్పిందే సార్," అన్నాడు.

ఫోన్ కింద పెట్టిన వెంటనే అత్తగారు ఒంటికాలి మీద లేచింది. మోకాళ్ల నొప్పి ఎటుపోయిందో.

"తీర్పు అయ్యాక ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ నోరెత్తలేదు! నీ కొయ్యకాళ్ల కోసం వాడి కాళ్లు విరగ్గొడతావా? వాడు నోరు తెరిచి అడగలేడు కాబట్టి, మంచివాడు కాబట్టి! ఆ ఎత్తు మీద రాజులా తిరగాల్సినవాడు నీ మూలంగా ఈ పాత డబ్బా లిఫ్టులకి నూనె పోసుకుంటూ ముసలాడైపోవాలా? ఇంత స్వార్థమా నీకు?"

కోడలికి చెప్పడానికి చాలా ఉంది. పైగా అత్తగారు అన్నదాంట్లో సగం నిజం కూడాను. తనకి ఉండిపోవాలనే ఉంది, ఉండిపోతోంది. ఆ పాపం తనది కాదని ఎలా అంటుంది? పళ్లు బిగించి, అన్నం గిన్నెలు తీసుకుని వంటగది వైపు తిరిగింది.

"మాట్లాడవేం?" అంది అత్తగారు వెనక నుంచి. "మొగుడి నోట్లో మట్టి కొట్టి..."

"అమ్మా."

అతను అరవలేదు. అయినా ఆవిడ ఆగిపోయింది.

"ఆవిణ్ణి ఏమీ అనొద్దు. నేను వాదించలేదమ్మా. జరిగింది చెప్పాను."

అత్తగారికి మొదట అర్థం కాలేదు. నవ్వబోయింది. కొడుకు మొహం చూసింది. నవ్వు సగంలో ఉండిపోయింది. గడుగ్గాయి తండ్రినీ, నానమ్మనీ మార్చి మార్చి చూసి, బల్ల కిందకి చేతులు దించేసుకుంది.

"ఏమిటీ, ఆ దూలం..." అంది అత్తగారు.

"ఆఁ."

"ఆ వేళ్లూ..."

"ఆఁ. అన్నీ."

ఆవిడ కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది. దొరికాక కూలబడినట్టు కూర్చుంది. ఈసారి మాట్లాడింది న్యాయమూర్తి గొంతుతో కాదు.

"ఇంత జరిగితే నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదరా నాన్నా."

"ఇందాక చెప్పానుగా అమ్మా," అన్నాడు అతను. "మీరు చప్పట్లు కొట్టారు."